తమ్ముడు వచ్చాక అక్క జడ ఎవరు వేయాలి?

రెండో కాన్పు గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఈ సంచికకు తీసుకున్నాను. మొదటి ఉత్తరంలోని ఇబ్బంది చాలా ఇళ్లలో ఉండేదే కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇచ్చాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా పెద్దపాపకు మూడేళ్ల ఎనిమిది నెలలు. ముప్పై అయిదు రోజుల క్రితం ఆపరేషన్ చేసి బాబును తీశారు. మొదటి కాన్పు మా పుట్టింట్లో జరిగింది కాబట్టి అప్పుడు మూడు నెలలు అన్నీ అమ్మే చూసుకుంది. ఇప్పుడు అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా రెండో కాన్పు అత్తింట్లోనే జరగాలన్నది మావాళ్ల ఆనవాయితీ, అందువల్ల ఇక్కడే ఉన్నాను. నేను ఆసుపత్రిలో ఉన్న వారం రోజులు పాపను మా అమ్మ దగ్గరకు పంపించారు. తిరిగి వచ్చినప్పటి నుంచి అది నేనెరిగిన పిల్లలా లేదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. తమ్ముడికి ఇచ్చినట్టే తనకూ పాలు ఇవ్వమంటుంది. అన్నం తానే తినే పిల్ల ఇప్పుడు కలిపి నోట్లో పెడితే గాని తినడం లేదు. మొన్న నేను అటు తిరిగినప్పుడు బాబు పాదం గిల్లింది. అత్తయ్యగారు రోజూ జడ వేస్తే, వేసిన అయిదు నిమిషాలకే రిబ్బను లాగి విప్పేసుకుంటోంది. "వీడిని ఆసుపత్రివాళ్లకి ఎప్పుడు ఇచ్చేస్తాం?" అని నిన్న అడిగితే అందరూ నవ్వారు, నేను నవ్వలేకపోయాను. చూడడానికి వచ్చిన ప్రతివారూ "ఇంక నీ పని అయిపోయిందే, అమ్మ తమ్ముడిదే" అని దాన్ని ఆటపట్టిస్తున్నారు. బారసాల మూడో నెలలో పెట్టుకున్నాం, అప్పటికైనా మామూలు అవుతుందా? నాకూ ఈ మధ్య ఊరికే ఏడుపు వస్తోంది, బాబు పడుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు. పాపను ఎలా దారిలో పెట్టాలో చెప్పండి.
— ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగింది పాప గురించే అయినా, ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటవేసిన మీ సంగతిని ముందు తీసుకుంటాను. కాన్పు అయిన మూడో రోజో నాలుగో రోజో మొదలై, కారణం లేకుండా కళ్లనీళ్లు రావడం, చిన్న మాటకే మనసు చివుక్కుమనడం చాలామంది బాలింతలకు ఉంటుంది. అది రెండు వారాలలోపు దానంతట అదే సర్దుకుంటుంది. మీకు అయిదు వారాలు గడిచాయి. బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోవడాన్ని మేము తేలిగ్గా తీసుకోము. ఇది మీ చేతకానితనం కాదు, పిల్లల మీద ప్రేమ తక్కువై వచ్చిందీ కాదు. వైద్యంతో నయమయ్యే జబ్బు కావచ్చు, పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు కూడా ఉన్నాయి. ఆరో వారం టీకాలకు బాబును ఎలాగూ తీసుకువెళ్తారు గనుక, ఆ రోజే మీకు కాన్పు చేసిన డాక్టరుగారిని కూడా కలిసి, నాకు రాసిన మాటలనే వారికీ చెప్పండి. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 అనే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి) నంబరుకు ఫోను చేయండి. పగలూ రాత్రీ ఎప్పుడైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు. బతకడం దండగ అనో, బిడ్డకు ఏదైనా హాని చేస్తానేమో అనో ఒక్క ఆలోచన వచ్చినా మాత్రం ఏ టీకా రోజు కోసమూ ఆగకుండా, మీవారిని వెంటబెట్టుకొని అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పాప సంగతి. జరిగినదాన్ని ఆమె కళ్లతో ఒకసారి వరుసగా చూడండి. ఒకరోజు అమ్మ ఎక్కడికో వెళ్లిపోయింది. తనను వేరే ఊరు పంపారు. వారం తరువాత వచ్చేసరికి అమ్మ పక్కన తను పడుకునే చోట మరొకరు పడుకొని ఉన్నారు. ఎత్తుకోమంటే అమ్మ కుట్లు నొప్పి అంటోంది. తన జడ ఇప్పుడు నాన్నమ్మ వేస్తోంది. ఇవన్నీ ఎందుకు మారాయో ఆమెకు తెలిసిన కారణం ఒక్కటే, అది గుడ్డలో చుట్టి ఉంది. ఆసుపత్రి నుంచి తెచ్చారన్నారు కాబట్టి, తెచ్చిన వస్తువును తిరిగి ఎప్పుడు ఇస్తారని అడిగింది. ఆ ప్రశ్నలో తప్పు లేదు, తమ్ముడి మీద పగా లేదు. ఆమెకు కావలసిన జవాబు కూడా చిన్నదే: "ఇవ్వం తల్లీ, వాడు మనింటివాడు. నువ్వు కూడా ఇలాగే వచ్చావు, నిన్నూ ఎవరికీ ఇవ్వలేదు."

పక్క తడపడం, పాలు అడగడం, నోట్లో పెడితేనే తినడం మొండితనం కింద రావు. ఈ ఇంట్లో చంటిపిల్లలా ఉంటేనే అమ్మ దగ్గర చోటు దొరుకుతుందని ఆమె గమనించింది, చంటిపిల్ల అయిపోయింది. పాలు అడిగినప్పుడు ఛీ అనకండి. ఒకసారి తాగి చూడనిచ్చినా తప్పులేదు, లేదా చెంచాలో పిండి ఇచ్చినా సరిపోతుంది. ఈ వయసు పిల్లలలో చాలామంది రుచి చూసి, మొహం చిట్లించి, మళ్లీ అడగరు. కొన్నాళ్లు ముద్దలు కలిపి పెట్టండి. పక్క తడిపితే గుడ్డలు మార్చి ఊరుకోండి, తెల్లారాక పదిమందిలో ఆ మాట ఎత్తకండి. ఇవి కొన్ని వారాల్లో, ఎక్కువైతే రెండు మూడు నెలల్లో తగ్గిపోతాయి. ఒంటేలుకు మంట అన్నా, మలబద్ధకం ఉన్నా, ఎప్పుడూ లేనంతగా నీళ్లు తాగుతున్నా అప్పుడు మాత్రం అలకలో భాగమనుకోకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. పిల్లలకు మాంసకృత్తులు చాలక ఒళ్లు ఉబ్బే జబ్బును వైద్య పుస్తకాలలో క్వాషియార్కర్ అంటారు. అది ఘనా దేశంలో గా భాష మాట్లాడేవారి మాట. 1930లలో అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ దాన్ని వైద్యలోకానికి పరిచయం చేశారు. కొత్త బిడ్డ రావడంతో పాలకు దూరమైన పై బిడ్డకు వచ్చే జబ్బని ఆ మాటకు అర్థం చెబుతారు. అక్కడి తల్లులు జబ్బుకు పేరు పెట్టేటప్పుడు ఒంటి మీది వాపును కాక, ఇంట్లో ఆ బిడ్డ ఏ చోటు నుంచి జరిగిందో దాన్ని చూశారు. మీ పాపకు తిండి లోటు ఏమీ లేదు. పక్కకు జరగవలసి వచ్చిన చోటు మాత్రం అదే.

మన ఇళ్లలో బాలింతకు సాయమంటే బిడ్డను చూసుకోవడమో, వంట చేయడమో అనుకుంటారు; అది న్యాయమే. కానీ రెండో కాన్పులో, పెద్దబిడ్డ అమ్మను విసిగించకుండా చూడడం కూడా సాయమేనని అందరూ అనుకొని, ఆ బిడ్డను బజారుకో, పక్కింటికో, అమ్మమ్మగారి ఊరికో తీసుకుపోతూ ఉంటారు. నా అనుభవంలో ఇది సరిగ్గా తిరగబడవలసిన లెక్క. అయిదు వారాల బిడ్డకు తల్లి మాత్రమే ఇవ్వగలిగింది పాలు. అవి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఇవ్వాలి. తాగాక భుజాన వేసుకొని త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం నాన్నమ్మ చేసినా, తండ్రి చేసినా, మేనత్త చేసినా ఆ బిడ్డ కాదనడు. మూడేళ్ల పిల్ల మాత్రం ఎవరు ఏది చేసిందీ గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి మీకు సాయం చేసేవారి చేతుల్లో పాపను పెట్టడం తగ్గించి, పాలు తాగిన బాబును పెట్టండి.

ముందుగా ఆ జడ మీరు వేయండి. నాకు తోచినంతవరకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. ఆ పిల్ల రిబ్బను లాగేసి ఏం అడుగుతోందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేదు. ఉదయం బాబు కడుపునిండా తాగాక అత్తయ్యగారి చేతికి ఇచ్చి, మీరు మంచం మీద కూర్చొని, పాపను ముందు పీట మీద కూర్చోబెట్టుకోండి. నూనె రాసి, చిక్కు తీసి, పాపిడి తీసి రిబ్బను కట్టేసరికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో బాబు కుయ్యిమన్నా లేవకండి. ఆకలితో గుక్కపట్టి ఏడిస్తే వేరు గాని, ఒకటి రెండు నిమిషాలు ఏడిస్తే వాడికి ఏమీ కాదు. "ఉండరా, అక్క జడ అవుతోంది" అని పాపకు వినబడేలా అనండి. ఇన్నాళ్లుగా "ఉండు, తమ్ముడు తాగుతున్నాడు" అన్న మాటే విన్న పిల్లకు, తమ్ముడిని కూడా ఆగమంటారని తెలియడం ఎంత ఊరటో మీరే చూస్తారు.

ఎత్తుకోవడం గురించి. ఈ వయసు పిల్ల పధ్నాలుగు కిలోల వరకు ఉంటుంది. ఆపరేషన్ అయిన ఆరు వారాల వరకు, డాక్టరు చూసి సరేననే దాకా, ఆ బరువు ఎత్తకూడదు. అయితే ఎత్తకపోవడం వేరు, దగ్గరికి తీయకపోవడం వేరు. మీరు కూర్చొని ఒడిలోకి ఎక్కమనండి, కుట్లకు అడ్డంగా చిన్న దిండు పెట్టుకోండి. నొప్పికి కారణం తమ్ముడని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. పక్కకు తిరిగి పడుకొని పాలిచ్చేటప్పుడు పాప మీ వీపును ఆనుకొని పడుకోవచ్చు. ఒక అయిదు నిమిషాల కథకు ముఖాలు ఎదురెదురుగా ఉండవలసిన అవసరం లేదు. రాత్రి మాత్రం ఇద్దరు పిల్లలనూ పక్కపక్కన పడుకోబెట్టకండి, మధ్యలో మీరుండాలి. బాబును వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లూ బొంతలూ దరిదాపుల్లో లేకుండా పడుకోబెట్టాలి.

గిల్లినప్పుడు చేయి గట్టిగా పట్టుకొని ఆపండి, "తమ్ముడికి నొప్పి పుడుతుంది, గిల్లనివ్వను" అని ఒక్క మాట చెప్పండి, అక్కడితో ఆపండి. చెడ్డపిల్ల అనే మాట వద్దు. తమ్ముడంటే ఇష్టమని ఆమెతో బలవంతంగా చెప్పించవద్దు. కోపం వచ్చిందా అని అడిగి, వచ్చిందంటే విని ఊరుకోండి. ఇద్దరినీ ఒంటరిగా ఒక గదిలో రెండు నిమిషాలు కూడా వదలకూడదన్నది వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. ఎత్తుకుంటానని తానే అడిగినప్పుడు, గోడకు ఆనించి నేల మీద కూర్చోబెట్టి, ఒడిలో దిండు పెట్టి, బాబు మెడ కింద మీ చేయి ఉంచి, ఒక నిమిషం ఎత్తుకోనివ్వండి. అడగకపోతే మీరు అడగవద్దు.

చుట్టాల పరాచికాల సంగతికి వస్తే, "నీ పని అయిపోయింది" అనేవారికి అది నవ్వులాట, వినే పిల్లకు అది వార్త. అత్తయ్యగారితో ఫిర్యాదుగా కాక, సాయం అడిగినట్టు మాట్లాడి చూడండి: "అత్తయ్యగారూ, వచ్చినవాళ్లు ముందు దాన్ని పలకరించి, ఆ తరువాత బాబు దగ్గరకు వచ్చేలా మీరు చూడాలి, నేను చెబితే బాగుండదు." ఇంటి పెద్దగా ఆ పని తనకు అప్పజెప్పారంటే, చాలామంది అత్తగార్లు రెండు రోజుల్లో ఆ కాపలా మీకన్నా గట్టిగా కాస్తారు. మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావన ఎక్కడా లేదు. వారు ఇంట్లోనే ఉంటే, రాత్రి పాలు తాగిన బాబును భుజాన వేసుకోవడం ఇవాళ్టి నుంచి వారి పని. మీకు వరుసగా నాలుగు గంటల నిద్ర దొరకడం మీ మనసుకు మందుతో సమానం.

పిల్లల డాక్టరునై ఉండి కూడా ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. నా రెండో కాన్పప్పుడు, చంటిదానికి ఎవరో తెచ్చిన ఉన్ని టోపీని మా పెద్దవాడు తన తలకు ఇరికించుకొని, వేసవి మధ్యాహ్నం చెమటలు కారుతున్నా తియ్యనన్నాడు. అల్లరి చేస్తున్నాడనుకొని నేను లాగేశాను. వాడు ఏడవలేదు, మంచం కిందికి దూరాడు. అప్పటి నుంచి, టీకాలకు ఇద్దరు పిల్లలతో వచ్చిన తల్లుల దగ్గర కార్డు తీసుకొని పెద్దబిడ్డ చేతికి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. చాలామంది దాన్ని తలకిందులుగా పట్టుకొని, నర్సు అడిగినా ఇవ్వకుండా గుండెకు హత్తుకొని కూర్చుంటారు. ఆరో వారంలో బాబుకు పెంటావాలెంట్, న్యూమోకోకల్ సూదులు, పోలియో సూది, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు అన్నీ ఒకేరోజు ఉంటాయి. ఆ రోజు మీ పాపను ఇంట్లో వదిలి వెళ్లకండి.

బారసాలలో పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తారు కదా. బియ్యం పోసే గుప్పిళ్లలో ఒకటి పాపది కానివ్వండి, పెద్దలు చెవిలో పేరు చెప్పడం అయ్యాక తననూ చెప్పమనండి. అప్పటికి ఇంకా ముభావంగానే ఉంటే, కాస్త ఆలస్యమవుతుందంతే.

ప్రశ్న: హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మా బాబుకు అయిదేళ్లు. నా భార్యకు ఎనిమిదో నెల. ఊళ్ల నుంచి మా అత్తగారు ఒక నెల, మా అమ్మ ఒక నెల వచ్చి ఉంటామన్నారు. నాకు పది రోజుల సెలవే దొరుకుతుంది. రెండోసారి కాబట్టి భయం లేదు గాని, ముందుగా ఏమేం చూసుకోవాలి? రెండో కాన్పుకు 26 వారాల సెలవు ఇవ్వరని ఆఫీసులో ఎవరో అన్నారు, నిజమేనా?
— ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: నిజం కాదు. 2017లో వచ్చిన ప్రసూతి సౌకర్యాల చట్ట సవరణ నుంచి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు జీతంతో ఇవ్వాలి. అందులో గరిష్ఠంగా ఎనిమిది వారాలు కాన్పుకు ముందు వాడుకోవచ్చు. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి మాత్రమే అది 12 వారాలకు తగ్గుతుంది. యాభై మంది లేదా అంతకు మించి పనిచేసేచోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నది కూడా ఆ సవరణతో వచ్చిన నియమమే. మీ భార్య తిరిగి చేరేముందు ఆ మాట అడగండి. తండ్రుల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ప్రైవేటు ఉద్యోగులకు కంపెనీ దయ.

ఆ పది రోజులూ ఆసుపత్రిలోనే ఖర్చు చేయవద్దని నా సలహా. కాన్పు రోజుకు, ఆ తరువాతి రెండు రోజులకు కలిపి మూడు రోజులు వాడి, మిగతావాటిని మీ అమ్మగారు ఊరు తిరిగి వెళ్లే వారానికి దాచుకోండి. ఇంట్లో నలుగురున్నప్పుడు మీ సెలవు ఫోటోలకు పనికొస్తుంది. మూడో నెల మొదట్లో, ఒకరు స్కూలుకు తయారవుతూ, ఇంకొకరు ఏడుస్తూ, గ్యాస్ మీద పాలు పొంగుతున్న ఉదయాన మీరు అసలైన అవసరం. చంటిపిల్లల సాయంత్రపు ఏడుపు సాధారణంగా ఆరో వారం దగ్గర ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది కాబట్టి, ఎంత ఊపినా ఆగని ఏడుపు ఉంటుందని ముందే తెలుసుకోండి. విసుగు హద్దు దాటితే బిడ్డను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి అయిదు నిమిషాలు బయటికి వెళ్లి రండి. కోపంలో బిడ్డను కుదపడం మెదడుకు ప్రమాదం.

రెండోసారి కాబట్టి భయం లేదన్నారు. ఒకటి రెండు విషయాలలో రెండోసారి తేడా ఉంటుంది. మొదటిది మామూలు కాన్పు అయితే, ఈసారి నొప్పులు మొదలయ్యాక కాన్పుకు పట్టే సమయం తక్కువగా ఉండవచ్చు. మియాపూర్ నుంచి ఆసుపత్రికి సాయంత్రం ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో లెక్క చూసుకొని, ఈసారి ముందే బయలుదేరండి. అర్ధరాత్రి నొప్పులు వస్తే బాబు దగ్గర ఎవరుంటారో, పక్క ఫ్లాటువారైనా సరే, ఇవాళే మాట్లాడుకోండి. కాన్పయ్యాక పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో వచ్చే నొప్పి మొదటిసారి కన్నా ఎక్కువగా ఉంటుంది. గర్భసంచి ముడుచుకుంటున్న నొప్పి అది, కొద్ది రోజుల్లో పోతుంది.

బాబు విషయంలో: వాడిని వేరే మంచానికి మార్చాలన్నా, వేరే గదిలో పడుకోబెట్టాలన్నా ఆ మార్పు ఈ వారమే చేయండి, బిడ్డ వచ్చిన రోజు చేయకండి. ఎన్ని వారాలో చెబితే అయిదేళ్లవాడికి అందదు; ఏ పండుగకు ముందో, ఏ సెలవుల తరువాతో చెప్పండి. కోరింతదగ్గు వంటి జబ్బులు రాకుండా అయిదేళ్లకు వేయవలసిన డీపీటీ బూస్టరు టీకా వేయించారో లేదో కార్డు చూడండి, స్కూలు నుంచి కోరింతదగ్గు తెచ్చేది వాడే. ఆసుపత్రిలో తల్లిని చూడడానికి మొదటిసారి తీసుకువెళ్లినప్పుడు, తలుపు తీసేసరికి బిడ్డ ఉయ్యాలలోనో మీ అత్తగారి చేతుల్లోనో ఉండాలి. మీ భార్య చేతులు ఖాళీగా ఉండాలి. పైన భీమవరం తల్లికి రాసినది కూడా మీరిద్దరూ కలిసి చదవండి.

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. నా మొదటి మనుమడిని నేనే పెంచాను. వస రంగరించి పోశాను, కాటుక పెట్టాను, సాంబ్రాణి వేశాను, వేసవిలో నీళ్లు తాపాను. వాడు బంగారంలా ఉన్నాడు. ఇప్పుడు రెండో కాన్పుకు కోడలు ఇవేవీ వద్దంటున్నది. నా చేతులు కట్టేసినట్టున్నది. నేను చేసినవన్నీ తప్పులేనా?
— ఒక నాన్నమ్మ

జవాబు: అమ్మగారూ, అన్నీ తప్పులు కావు, కానీ మీరు పేర్కొన్న నాలుగింటిలో మూడింటి విషయంలో మీ కోడలి మాటే సరి. వసలో ఉండే అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించారు. వస పోశాక వాంతులతో, మగతతో తెచ్చిన పసిపిల్లలను నేను స్వయంగా చూశాను. మాటలు వస వల్ల రావు, మనం వాళ్లతో మాట్లాడడం వల్ల వస్తాయి. నీళ్లు ఆరు నెలలు నిండే దాకా వద్దు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే, కరీంనగర్ ఎండకు కూడా అవి చాలు. దాహం తీరవలసింది తల్లికి. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదనే కట్టుబాటు మీ ఇంట్లో ఉంటే దాన్ని మీరే తీసివేయండి. కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది, కంట్లో పెట్టకండి. దిష్టిచుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోండి. సాంబ్రాణిని మూసిన గదిలో, బిడ్డ ముఖం దగ్గర వేయకూడదు. బిడ్డ లేనప్పుడు గదికి వేసి, పొగ పోయాక తీసుకురండి. బొడ్డు ఊడేదాకా దాని మీద పసుపూ నూనే ఏదీ రాయకుండా పొడిగా ఉంచితే వారం పది రోజుల్లో అదే ఊడుతుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేసే అలవాటు ఉంటే అదీ మానండి.

ఇన్ని వద్దన్నాక మీకు మిగిలిందేమిటని అడగవచ్చు. కాళ్లు చాపుకొని, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకొని, ఒంటికి కొబ్బరినూనె మర్దన చేసి, మోచేతితో వేడి చూసిన నీళ్లు పోయడం మీ కోడలు ఫోనులో చూసి నేర్చుకోగలిగేది కాదు. నాకు డాక్టరు చదువు వచ్చు గాని అంత నేర్పుగా నీళ్లు పోయడం రాదు, మా పిల్లలకు మా అమ్మే పోసింది. ఆ పని మీదే. ఉదయం పూట వేడివేడిగా వెల్లుల్లి కారంతో అన్నం పెట్టండి, దానితోపాటు పప్పు, ఆకుకూర, గుడ్డు కూడా పెట్టండి. మొదటి మనుమడిని మాత్రం సాయంత్రం కాసేపు తల్లి దగ్గరే వదిలి, బిడ్డను మీరు తీసుకోండి.

మీ అనుభవం అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది బిడ్డ తేడాను కనిపెట్టడంలో. రోజూ గట్టిగా తాగే బిడ్డ తాగకపోయినా, లేపినా మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు 100.4 డిగ్రీలు దాటి కాలుతున్నా, చల్లబడినా, అరచేతులూ అరికాళ్లూ పసుపుపచ్చగా కనబడినా ఏ ఇంటి వైద్యమూ చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమని మీ అబ్బాయితో చెప్పవలసినవారు మీరు.

ప్రశ్న: మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన డబ్బులు వచ్చాయి. ఇప్పుడు రెండోసారి పాప పుట్టింది. మళ్లీ ఏమైనా వస్తాయా?
— ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వస్తాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి మారిన నిబంధనల ప్రకారం రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఒకేసారి తల్లి ఖాతాలో వేస్తారు. మొదటి బిడ్డకు 5,000 విడతలుగా ఇస్తారు. పాప జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, ఆధార్, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా వివరాలు, రేషన్ కార్డు వంటి అర్హత పత్రం తీసుకొని మీ అంగన్‌వాడీ టీచరును గాని, ఆశా కార్యకర్తను గాని కలవండి. దరఖాస్తుకు గడువు ఉంటుంది కాబట్టి పురుడు వెళ్లగానే ఆ పని చూసుకోండి. రెండోసారి మగపిల్లవాడు పుట్టినా తల్లి ఒంటికి పట్టే శ్రమ ఒకటేనన్నది నా అభిప్రాయం, నిబంధన మాత్రం ఇప్పటికి ఇలా ఉంది.